పనికిరాని గింజలు, పనికిరాని నేలలు

మన ఇంధన విధాన పత్రాలు చదివితే రెండు ‘పనికిరాని’లు పదే పదే తగులుతుంటాయి. ఒకటి, తినడానికి పనికిరాని గింజ. రెండోది, సాగుకి పనికిరాని నేల. ఈ రెండిటినీ కలిపితే దేశానికి పనికొచ్చే డీజిల్ పుడుతుందని 2003లో ప్రణాళికా సంఘం వేసిన కమిటీ లెక్కగట్టి చెప్పింది. కోటీ పది లక్షల హెక్టార్లకి పైగా జట్రోఫా, అంటే మన అడవి ఆముదం, నాటితే 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం ఆ గింజల్నుంచే వస్తుందన్నారు. అది రాలేదు. 2009లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చి అదే 20 శాతాన్ని 2017కి జరిపింది. 2018లో ఇంకో విధానం వచ్చి, 2030 నాటికి 5 శాతం చాలులే అంది. గడువు పెరుగుతూ పోయింది, అంకె తరుగుతూ పోయింది. అసలు డీజిల్‌లో కలిసిన బయోడీజిల్ మాత్రం ఏనాడూ ఒక శాతం దాటలేదు.

ఇంత పెద్ద పథకం ఎందుకు పోయిందని అడిగితే దొరికే జవాబులన్నీ చెట్టు మీదకే వెళ్తాయి. జట్రోఫా మోసం చేసింది, నీళ్ళు లేకపోతే కాయలేదు, గింజ చాలలేదు. నిజమే, కాయలేదు. రాళ్ళనేలలో నీటిచుక్క లేకుండా ఏ చెట్టయినా టన్నులకి టన్నులు కాస్తుందని నమ్మినవాళ్ళని వదిలేసి చెట్టుని తిట్టడం దేనికి? ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఇక్కడ అడవి ఆముదాన్ని మహావృక్షం చెయ్యడానికి ముందుగా ‘ఏ చెట్టూ లేని చోటు’ని కాగితం మీద తయారు చేశారు. దాని పేరే బంజరు.

బంజరు, పోరంబోకు అన్నవి రెవెన్యూ మాటలు. శిస్తు రాని నేల అని వాటి అసలు అర్థం. శిస్తు రాదు కాబట్టి అక్కడ ఏమీ లేదని కాదు. మేకలు మేసేది అక్కడ, కట్టెలు ఏరుకునేది అక్కడ, సీతాఫలాలు కోసుకుని బుట్టలో పెట్టుకుని బస్టాండులో అమ్ముకునేది అక్కడివే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ దళితులకి పట్టాలిచ్చిన అసైన్డ్ భూముల్లో ఎక్కువ భాగం అలాంటి నేలలే. ఉమ్మడి రాష్ట్రంలో వర్షాభావ ప్రాంతాలన్నీ ముందు జట్రోఫాతో, అది పోయాక కానుగతో పచ్చబడతాయని ఊదరగొట్టినప్పుడు, ‘ఖాళీగా ఉంది’ అని చూపించిన నేల ఎవరి మేకలకి ఖాళీగా లేదో అడిగినవాళ్ళు తక్కువ.

రెండో మాట ఇంకా తమాషా. తినడానికి పనికిరాని గింజల జాబితాలో వేప, కానుగ, జట్రోఫాల సరసన ఇప్ప కూడా ఉంటుంది. ఆదిలాబాద్ గోండు ఇళ్ళల్లో ఇప్పనూనెతో వండుకుంటారు. చలికి గడ్డకట్టే ఆ నూనె వాళ్ళకి వంటనూనె, ఒంటికి రాసుకునే నూనె, దేవుడి ముందు దీపంలో పోసే నూనె కూడా. దాన్ని ‘నాన్ ఎడిబుల్’ అన్నవాడు ఎవడో గానీ, వాడి వంటింట్లో ఇప్పనూనె లేదన్నంత మటుకే ఆ మాట నిజం. ఎవరు తింటే తిన్నట్టు లెక్క, ఎవరు తింటే లెక్కకి రాదు? ఈ ప్రశ్న భాషకి సంబంధించిందే కాబట్టి సాహిత్య పత్రికలో అడుగుతున్నాను.

కానుగ సంగతి వేరు. అది చేదు. అందులో కరంజిన్ వంటి పదార్థాలున్నాయి, మనిషీ తినడు, పశువూ ముట్టదు. అంతమాత్రాన అది పనిలేకుండా పడుందా? కానుగ రొట్టని దమ్ములో తొక్కితే వరికి ఎరువు. పుల్ల పళ్ళు తోముకోడానికి. నూనె గజ్జికి, తామరకి, పురుగుమందుకి, సబ్బుకి. వేపా కానుగా నూనెలు కలిపి చేలో చల్లడం రైతులకి ఎవరూ కొత్తగా నేర్పలేదు. ఆ మాటకొస్తే విత్తనాల నూనెని ఇంధనంగా కాల్చడమూ కొత్తది కాదు. కిరసనాయిలు రాకముందు తెలుగు ఇళ్ళల్లో వెలిగింది ఆముదం దీపాలే. గాండ్ల, తెలికల వాళ్ళ గానుగల్లో ఆడినది వంటనూనె ఒక్కటే కాదు, ఊరి రాత్రులకి కావలసిన వెలుతురు కూడా. ఎక్కడో తవ్విన కిరసనాయిలు డబ్బాల్లో వచ్చి ఆ వెలుతురుని ఊరి చేతిలోంచి తీసుకుంది, పిండిమరల పక్కకి నూనెమరలు వచ్చి మిగతాది తీసుకున్నాయి. (ఇప్పుడు హైదరాబాదులో ‘కట్టెగానుగ నూనె’ అని సీసా మీద రాసి మూడింతల ధరకి అమ్ముతున్నారు. గానుగ తిరిగొచ్చింది గానీ గానుగవాళ్ళు తిరిగొచ్చారో లేదో సీసా మీద రాయరు.)

ఈ గింజల ఇంధనాన్ని పొగిడే ప్రతివాళ్ళూ రుడాల్ఫ్ డీజిల్ కథ చెప్తారు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిను వేరుశనగ నూనెతో నడిచిందని. నడిచింది. కానీ ఆ ప్రయోగం చేయించింది ఫ్రెంచి ప్రభుత్వమనీ, ఆఫ్రికాలో తమ వలసల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి అక్కడి ఇంజిన్లు అక్కడి నూనెతోనే తిరిగితే మంచిదన్న ఆలోచనతోనే అనీ 1912లో డీజిల్ స్వయంగా చెప్పాడు. కథలో ఆ ముక్క మాత్రం సాధారణంగా మింగేస్తారు.

సరే, యంత్రం దగ్గరికి వద్దాం. నా గొడవంతా అక్కడే ఉంది.

గింజ నుంచి నూనె తియ్యడం పెద్ద విద్యేమీ కాదు, అలాగని చిన్నదీ కాదు. కానుగ కాయ వేసవిలో ఎండి రాలుతుంది. ఆడవాళ్ళు ఏరి తెస్తారు. కర్రతో కొట్టి పెంకు తీస్తే ఒక్కో కాయలో ఒకటి, ఎప్పుడైనా రెండు గింజలు. వాటిని ఆరబెట్టాలి. తడి ఎక్కువుంటే ఎక్స్‌పెల్లర్లో ముద్దై జారుతుంది, మరీ ఎండితే పొడై పోతుంది, ఏడెనిమిది శాతం తేమ దగ్గర సరిగ్గా పిండుతుంది. ఎక్స్‌పెల్లర్ అంటే ఇనప పంజరంలో తిరిగే మరలాంటి ఇరుసు. గింజని ముందుకి తోసేకొద్దీ చోటు తగ్గుతుంది, ఒత్తిడీ వేడీ పెరుగుతాయి, పంజరం బద్దీల సందుల్లోంచి నూనె కారుతుంది, చివర కోను దగ్గర చెక్క రేకులు రేకులుగా బయటికొస్తుంది. ఆ కోనుని ఎంత బిగించాలన్నది చేతికి తెలియాలి. రేకు పల్చబడితే నూనె బాగా వస్తున్నట్టు, కానీ మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది. వచ్చిన నూనెని నాలుగైదు రోజులు తేరనిచ్చి, మడ్డి తీసి, గుడ్డలో వడగట్టాలి.

గింజలో ముప్ఫై శాతం పైచిలుకు నూనె ఉంటే ఊళ్ళోని ఎక్స్‌పెల్లర్ పిండగలిగేది పావు వంతు. అంటే నాలుగు కిలోల గింజకి సుమారు ఒక లీటరు నూనె, మూడు కిలోల చెక్క. చెక్కలో ఇంకా ఏడెనిమిది శాతం నూనె మిగిలిపోతుంది. పెద్ద పరిశ్రమలవాళ్ళు ఎక్స్‌పెల్లర్‌ని చిన్నచూపు చూసేది ఇందుకే. హెక్సేన్ పోసి కడిగితే ఒక్క శాతం మిగల్చకుండా లాగెయ్యచ్చు కదా, ఈ వృథా ఎందుకూ అని. వృథా ఎవరికి? ఆ చెక్క చేలో వేస్తే నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది, చెదలు తగ్గుతాయి. నూనె పిండిన ఊళ్ళోనే చెక్క మిగిలితే అది ఎరువు. ఊరి నుంచి గింజ లారీ ఎక్కి వెళ్ళిపోతే చెక్క ఫ్యాక్టరీ వాడి సరుకు, సంచీలో తిరిగొచ్చి రైతుకే అమ్ముడవుతుంది.

2005 అక్టోబరులో కేంద్రం బయోడీజిల్ కొనుగోలు విధానం ప్రకటించింది. 2006 జనవరి నుంచి చమురు కంపెనీలు లీటరు 25 రూపాయలకి కొంటాయన్నారు, తర్వాత దాన్ని 26.50 చేశారు. కిలో గింజకి ఆరు రూపాయలు అనుకోండి. నాలుగు కిలోలకి 24. మిగిలిన ఆ రూపాయి, రెండున్నర రూపాయల్లో రవాణా, పెంకు తియ్యడం, పిండడం, శుద్ధి చెయ్యడం, బయోడీజిల్‌గా మార్చడం అన్నీ కానివ్వాలి! లేదూ, గింజ ఏరే మనిషికి మూడు రూపాయలో నాలుగు రూపాయలో ఇస్తే లెక్క సరిపోతుంది. ఎర్రటి ఎండలో వంగి ఒక్కో కాయ ఏరి, కొట్టి, చెరిగి కిలో గింజలు చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో ఆ ధర నిర్ణయించిన గదిలో ఎవరైనా ఒకసారి చేసి చూసుంటే బావుండేది. పథకం కూలింది చెట్టు దగ్గర అంటున్నారు గానీ, ఈ కూడిక దగ్గర అది పుట్టకముందే కూలింది.

పైగా బయోడీజిల్ అంటే ఉత్త నూనె కాదు. నూనెకి మిథనాలూ క్షారమూ కలిపి, చర్య జరిపి, గ్లిజరిన్ వేరు చేస్తే వచ్చేది బయోడీజిల్. మిథనాల్ విషం, ఊళ్ళో పెట్టుకోగలిగేది కాదు. మన దేశానికి అది ఎక్కువగా దిగుమతి అవుతుంది, దాన్ని చేసేది సహజవాయువు నుంచి. నిలవున్న కానుగ గింజ నూనెలో ఆమ్లత్వం పెరుగుతుంది కాబట్టి ముందు దాన్ని తగ్గించే ఇంకో దశ కావాలి. ఇవన్నీ చెయ్యాలంటే పెద్ద ప్లాంటు, పెద్ద ప్లాంటు నడవాలంటే రోజూ టన్నుల కొద్దీ నూనె. కానుగ అలా రోజూ కాయదు. దాంతో కాకినాడ రేవు దగ్గర కట్టిన బయోడీజిల్ ప్లాంట్లు ఏ నూనె మీద నడిచాయి? దిగుమతైన పామాయిల్ స్టెరిన్ వంటివాటి మీద. బంజరు నేల, గిరిజన మహిళ, పచ్చని ఇంధనం అని మొదలైన వాక్యం ఓడరేవు దగ్గర ముగిసింది.

ఇంతకంటే ముందే, ఇంతకంటే చిన్నగా, ఇంతకంటే తెలివిగా జరిగిన పని ఒకటుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ వైపు పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం. అక్కడి ఆడవాళ్ళ సంఘం కానుగ గింజలు ఏరి, ఐటీడీఏ పెట్టించిన మిల్లులో నూనె తీసి, కానుగ నారు పెంచి అమ్ముకున్నారు. అదే జిల్లాలో చల్పడిలో కానుగ నూనెతోనే జనరేటరు తిప్పి ఇళ్ళల్లో బల్బులు వెలిగించారు. దానికి దారి కర్ణాటక నుంచి వచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసరు ఉడుపి శ్రీనివాస అక్కడి కగ్గనహళ్ళిలో హొంగె నూనెని, అంటే మన కానుగనే, మిథనాలూ గిథనాలూ లేకుండా నేరుగా ఇంజిన్లలో పోసి బోర్లు నడిపించి చూపించాడు.

పవర్‌గూడ ప్రపంచానికి తెలిసింది మాత్రం నూనె వల్ల కాదు. 2003లో అక్కడి ఆడవాళ్ళు 147 టన్నుల కార్బన్ ఆదాని ప్రపంచ బ్యాంకుకి 645 డాలర్లకి అమ్మారు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల గాల్లోకి పోయిన కార్బన్‌కి పరిహారంగా. అప్పటి మారకంలో 30 వేల రూపాయల లోపు. ఆ డబ్బు వాళ్ళు నర్సరీకి వాడుకున్నారు, మంచిపనే. టన్నుకి నాలుగున్నర డాలర్లయినా రాలేదు. విమానాలెక్కి వచ్చి మాట్లాడి వెళ్ళినవాళ్ళ పొగని, కాళ్ళకి చెప్పులున్నాయో లేవో తెలియని ఆడవాళ్ళు పదేళ్ళపాటు డీజిల్ బదులు కానుగ నూనె వాడతామన్న హామీతో కడిగిపెట్టారు. దీన్ని విజయగాథగా రాసిన వ్యాసాలు చాలా చదివాను. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరు ఎవరికి దానం చేశారన్నది వాటిల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఇలాంటి మిల్లులు పాతికా ముప్ఫై ఊళ్ళల్లో పెట్టినంత మాత్రాన నిలబడవు, అదీ చూశాను. మహబూబ్‌నగర్ వైపు ఒక మండల కేంద్రంలో షెడ్డుకి తాళం, లోపల ఎక్స్‌పెల్లర్, దాని మీద కోళ్ళు. ఇసకా రాళ్ళూ కలిసిన గింజ వేసేసరికి మర అరిగిపోయింది, కొత్తది తేవాలంటే డబ్బుల్లేవు అన్నారు. అది పైపై కారణం. ఇంకాస్త కూర్చుని మాట్లాడితే అసలుది బయటపడింది. గింజ వచ్చేది ఏడాదిలో రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఏడాదికి సరిపడా కొని పెట్టుకుంటేనే మిల్లు ఏడాదంతా ఆడుతుంది. సంఘం చేతిలో ఆ డబ్బు లేదు. షావుకారు సంతలో ఆ రోజుకారోజు నగదు ఇస్తాడు, సంఘం ‘నూనె అమ్మాక ఇస్తాం’ అంటుంది. గింజ ఎటు పోతుంది? యంత్రానికి తొంభై శాతం సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం గింజ కొనడానికి మూలధనం ఇవ్వదు. యంత్రానికైతే రిబ్బను కట్టచ్చు, గింజల బస్తాకి కట్టలేరు కదా.

నన్ను అడ్డుకునేవాళ్ళు ఇక్కడ రెండు మాటలంటారు. మొదటిది, ఉత్త నూనె పోస్తే ఇంజిను పాడవుతుంది. ఔను, కానుగ నూనె డీజిల్ కంటే పది రెట్లకి పైగా చిక్కన. నాజిల్ దగ్గర మసి పేరుకుంటుంది, ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది, ఇంజినాయిలు తరచుగా మార్చాలి. కొత్త కారులో పొయ్యమని ఎవరూ అనడం లేదు. నిమిషానికి వెయ్యి చుట్లు కూడా తిరగని పాతకాలపు ఒంటి సిలిండరు ఇంజిన్లు, నూనెని కాస్త వేడి చేసి, డీజిల్‌తో మొదలుపెట్టి డీజిల్‌తో ఆపితే, నడుస్తాయి. అలాంటి ఇంజిన్ని బాగుచెయ్యగలిగే మెకానిక్కు ప్రతి మండలంలోనూ ఉంటాడు.

రెండోది, ఇలా పిండితే దేశానికి ఎంతొస్తుంది అని. ఏమీ రాదు. ఆ లెక్కా చూద్దాం. దేశం ఏడాదికి తగలేసే డీజిల్ సుమారు 9 కోట్ల టన్నులు. అందులో 20 శాతమంటే కోటీ ఎనభై లక్షల టన్నుల నూనె. దానికి 7 కోట్ల 20 లక్షల టన్నుల గింజ. చెట్టుకి ఏటా 20 కిలోలు కాస్తుందని దయతలచి అనుకున్నా 360 కోట్ల కానుగ చెట్లు. హెక్టారుకి 400 చొప్పున నాటితే 90 లక్షల హెక్టార్లు, రెండు తెలుగు రాష్ట్రాల మొత్తం విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు. అందుకే అంటున్నాను, ఈ గింజని లారీల కోసం, హైవేల కోసం అడగడమే తప్పు. ఊరి పిండిమరకి, బావి ఇంజినుకి అడిగితే అది సరిపోతుంది. సోలారు పంపులు వచ్చాయి కదా అంటారా, రానివ్వండి. మిల్లు ఊరిదైతే ఆ ఏడాది నూనెని ఇంజిన్లో పొయ్యాలా, సబ్బులవాడికి అమ్మాలా, పురుగుమందు చేసుకోవాలా అన్నది ఊరు తేల్చుకుంటుంది. గింజ అమ్మేసిన ఊరికి తేల్చుకోడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు లెక్క మారింది కూడా. అటవీ ఉత్పత్తుల కనీస మద్దతు ధరల్లో 2020 సవరణలో కానుగ గింజ కిలోకి 22 రూపాయలు, ఇప్పగింజ 29 రూపాయలు అయ్యాయి. కానుగకి నాలుగు కిలోలంటే 88. హైదరాబాదులో డీజిల్ లీటరు 95 దాటి చాలాకాలమైంది. ఊళ్ళోనే పిండితే పైన మూడు కిలోల చెక్క మిగులుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం అడవిలో ఉండేవాళ్ళదే అంది. కానీ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో కొనుగోలు గుత్తాధికారం 1979 రెగ్యులేషన్ ప్రకారం జీసీసీదిగా వస్తోంది. గిరిజనుణ్ణి షావుకారు నుంచి కాపాడ్డానికి తెచ్చిన రెగ్యులేషనే అది, కాదనను. అయితే కొనడానికి మాత్రమే తెలిసిన సంస్థ గిరిజనుణ్ణి ఎప్పటికీ అమ్మేవాడిగానే ఉంచుతుంది. గింజ కొని గోదాములో పెట్టి టెండరు పిలిచే బదులు, అదే గోదాము పక్కన ఎక్స్‌పెల్లర్ పెట్టి, సీజన్లో గింజ కొనే డబ్బు సంఘానికి అప్పుగా ఇచ్చి, నూనెకి టెండరు పిలవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సాంకేతికత అసలే అక్కర్లేదు.

ఈలోగా ఢిల్లీలో ఏమైంది? తిండిగింజ జోలికి పోకుండా ఇంధనం చేస్తామన్నదే కదా ఈ కథకి మొదటి వాక్యం. అదే 2018 విధానం, మిగులుందనుకుంటే తిండిగింజల్ని ఇథనాల్‌కి వాడచ్చని తలుపు తెరిచింది. ఇవాళ ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యం, చేలల్లోని మొక్కజొన్న పెట్రోల్లో కలుస్తున్నాయి. ఆ ఫ్యాక్టరీ మా ఊళ్ళో వద్దని 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. అదే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడికి తూర్పున, కొండల మీద, ఇప్పనూనెతో కూర వండుకునే గూడేల గింజ ఇప్పటికీ సర్కారు కాగితాల్లో తినడానికి పనికిరానిదే.